గట్టి మనుషులు

2024 జూన్ 9, ఆదివారం

నిన్న డిశ్చార్జ్ చేశారు. ఆదర్శ్ కారు నడుపుతూ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సారీ చెప్పాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో అన్ని సారీలు ఎప్పుడూ వినలేదు.

నల్లగండ్ల ఫ్లాట్‌లో, మా బెడ్‌రూమ్‌లో, దిండ్లు ఎత్తుగా పేర్చుకుని ఆనుకుని రాస్తున్నాను. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. కూర్చుంటే నిద్ర రాదు. అందుకని ఈ రాత.

చిన్ను పక్క గదిలో ఉంది. ఐదు వారాల పిల్ల. అత్తయ్య డబ్బా పాలు పడుతున్నారు. నాకిచ్చే మందులు పాలలోకి వెళ్తాయని, పాలు ఆగిపోవడానికి వేరే మాత్ర వేశారు. మాత్ర పని చేస్తోందట. కానీ గోడ అవతల చిన్ను ఏడ్చినప్పుడల్లా నా నైటీ తడుస్తోంది. ఒంటికి ఇంకా కబురు అందినట్టు లేదు.

జబ్బు పేరు పెరిపార్టమ్ కార్డియోమయోపతి. కాన్పు ముందో తర్వాతో గుండె కండరం నీరసించిపోతుంది. ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేరు. గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పే అంకె ఒకటుంది, ఈఎఫ్. కనీసం యాభై ఐదన్నా ఉండాలి. నాది ఇరవై ఎనిమిది. ఈ అంకె నాకు కొత్తది కాదు. అమెరికా ఆస్పత్రుల కోసం ఎవరికెంత ప్రమాదమో కంప్యూటర్ లెక్కతో అంచనా కట్టే హార్ట్ ఫెయిల్యూర్ రిస్క్ మోడల్స్ చేసే టీమ్ నాది. లక్షల ఈఎఫ్‌లు చూశాను. ఒక్కదాని వెనకా దగ్గు వినిపించలేదు.

నేను అదృష్టవంతురాలినని అందరూ అంటున్నారు. పడుకుంటే నీళ్ళలో మునుగుతున్నట్టుంది అని చెప్పగానే డాక్టర్ రామ్మోహనరావుగారు అదే పూట గుండెకి స్కాన్, ఎకో, తీయించారు. మీది ఏ ఊరమ్మా అన్నారు. తణుకు అన్నాను. వాళ్ళ అమ్మగారిది పెనుగొండట. తన సొంత నంబరు ఇచ్చి, ఎప్పుడైనా చెయ్యమ్మా, మొహమాటపడకు అన్నారు.

జూన్ 11

పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకోవచ్చట. ఎత్తుకుని నడవకూడదట. ఎన్నాళ్ళని అడిగితే ఆదర్శ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, చూద్దాంలే ఉమా అన్నాడు.

జూన్ 26

ఈరోజు నుంచి ప్రతి బుధవారం కార్డియాక్ రిహాబ్, గుండె కోలుకోవడానికి చేయించే వ్యాయామాలు. ఆస్పత్రి గ్రౌండ్ ఫ్లోర్‌లో పొడుగాటి హాలు, ట్రెడ్‌మిల్స్, గోడ వారన కుర్చీలు. అందరూ అరవై దాటిన మగవాళ్ళే. బైపాస్ అయినవాళ్ళు. కొత్త ట్రాక్ ప్యాంట్లు వేసుకుని, కోకాపేటలో గజం ధరల గురించి వాదించుకుంటూ నడుస్తున్నారు. ఒక పెద్దాయన నన్ను చూసి ఎవరికి తోడొచ్చావమ్మా అని అడిగారు. నేనే పేషెంట్‌ని అంటే ఆయన మొహం చిన్నబోయింది.

చివరి ట్రెడ్‌మిల్ మీద ఒక అమ్మాయి ఉంది. నాకంటే చిన్నది. సన్నగా, పొడుగ్గా, వీపు నిటారుగా. అంత నెమ్మదిగా నడుస్తున్నా చేతులు పరిగెత్తేవాళ్ళ చేతుల్లా మడిచి పెట్టుకుంది. ఫిజియోథెరపిస్ట్ దివ్య వచ్చి, జమునా, స్పీడ్ ముట్టుకోవద్దన్నానా అంది. ఆమె బటన్ మీంచి వేలు తీసి, నా వైపు చూసి నవ్వింది.

తర్వాత కుర్చీలో పక్కన కూర్చుంది. "నేను నడుస్తలేను మేడమ్, గా మెషినే నన్ను లాక్కపోతున్నది" అంది. తనకీ అదే జబ్బు. ఏప్రిల్‌లో కొడుకు పుట్టాడు. ఈఎఫ్ ఎంత అని అడిగాను. ఆఫీస్ అలవాటు. ఇరవై అంది.

జులై 10

జమున గురుకుల బాలికల స్కూల్లో పీఈటీ. ఎనిమిది వందల మీటర్ల పరుగులో స్టేట్ మెడల్ ఉంది. దేవరకొండ దగ్గర తండా వాళ్ళది. లంబాడీలు. గోపన్‌పల్లిలో రెండు గదుల్లో కిరాయికి ఉంటోంది. భర్త దేవరకొండలో కరెంటు డిపార్ట్‌మెంట్. బాబుని వాళ్ళమ్మ తండాకి తీసుకెళ్ళి పెంచుతోంది. ఆమె చెప్పిన వరస ఇది.

కాన్పు అయిన రెండో వారం నుంచే ఆయాసం. పడుకుంటే దగ్గు. గోపన్‌పల్లిలోనే ఒక క్లినిక్‌కి వెళ్ళింది. రక్తం తక్కువ అని ఐరన్ గోళీలు ఇచ్చారు. మళ్ళీ వెళ్ళింది. కాళ్ళు వాచాయని చూపించింది. అక్కడి డాక్టర్ ఆమె చీటీ మీద ఇంటిపేరు చదివి, మీ తండా ఆడోళ్ళు కాన్పయిన మూడో నాడే చేనుకి పోతరు కదా, నీకేంది గింత నాజూకు అన్నాడట. పక్కనున్న నర్సు కూడా నవ్విందట. మూడోసారి వెళ్ళలేదు. బాత్రూమ్‌లో పడిపోతే ఇంటి ఓనరమ్మ ఆటోలో ఈ ఆస్పత్రికి తెచ్చింది.

"ఊపిరి సంగతి నాకు తెల్వదా అక్కా. పరుగుల వచ్చే ఆయాసం వేరు, ఇది వేరు అని మొత్తుకున్న. ఎవ్వరు ఇన్లే."

ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నన్ను ఎప్పటినుంచి అక్కా అంటోందో గుర్తులేదు.

నేను ఒక్కసారి చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పి, ఒకసారి పడిపోవాల్సి వచ్చింది.

జులై 31

దివ్య మమ్మల్ని కారిడార్‌లో నడవనిస్తోంది. జమున పక్కన నడిస్తే నా అడుగు దానంతట అదే సర్దుకుంటోంది. ముక్కుతో పీల్చి నోటితో వదులు, భుజాలు దించు, నేల చూడకు అంటుంది. ఆమె మాటలో టీచర్ ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలా వింటున్నాను.

కారిడార్ చివర అద్దం గోడ. అవతల ఫ్లైఓవర్, దాని వెనక ఆఫీసు టవర్లు. జమున అక్కడ ఆగి, ఫ్లైఓవర్ మీద పొద్దున్నే బండ్లు లేనప్పుడు పరిగెత్తాలని ఎప్పటినుంచో ఉందని చెప్పింది. ఒక్కసారన్నా.

నాకైతే చిన్నూని భుజాన వేసుకుని ఇల్లంతా తిరగాలని ఉందన్నాను. ఏం పని లేకుండా. ఊరికే.

ట్రాక్ ప్యాంట్ల పెద్దాయన వచ్చి మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు.

ఆగస్టు 21

జమున తీజ్ పండక్కి తండాకి వెళ్ళొచ్చింది. ఫోన్‌లో వీడియో చూపించింది. పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో మొలిపించిన గోధుమ నారు మధ్యలో పెట్టి, చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళంతా ఆడుతున్నారు. వీడియో తీసింది జమునే. ఆడేవాళ్ళలో లేదు. చూసేవాళ్ళలో కూర్చుంది. ఆమె కూర్చోవడం తండాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదట.

వీడియో అయిపోయాక చెప్పింది. బాబుని ఒళ్ళోకి తీసుకుంటే వాడు మొహం తిప్పుకుని అమ్మమ్మ వైపు చేతులు చాచాడు. వాడికి అమ్మమ్మ వాసనే అమ్మ వాసన.

చిన్ను కూడా అత్తయ్య భుజం మీదే నిద్రపోతుందని చెప్పాను. అత్తయ్య మంచావిడ. పుణ్యవతి అనే పేరుకి తగ్గ మనిషి. పిల్లని నా దగ్గరికి తెచ్చి, ఇదిగో అమ్మ, ఇదిగో అమ్మ అని పరిచయం చేస్తుంటారు. అంత మంచిగా చేస్తుంటే ఏడవడానికి కూడా మొహమాటం.

సెప్టెంబర్ 16

ఆఫీస్ మొదలుపెట్టాను. సగం రోజులు ఇంటినుంచి.

ఇదివరకు రోజూ చూసిన డేటానే. కాన్పు తర్వాత హార్ట్ ఫెయిల్యూర్ వచ్చిన ఆడవాళ్ళ ఫైలు తెరిచాను. ఇన్నాళ్ళూ చిన్న గ్రూప్ అని పక్కన పెట్టేవాళ్ళం. జాతి రాసే రేస్ కాలమ్ ఉంది. నల్లజాతి ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుంది, తక్కువగా కోలుకుంటారు. మా మోడల్ ఆ కాలమ్‌కి పెద్ద బరువు ఇచ్చింది. అంటే ఒకామె రంగు తెలియగానే, ఈమె కోలుకోదు అని మా మోడల్ ముందే అనేసుకుంటుంది. దాన్ని రాసింది నేనే. బాగా చేశావని క్లయింట్ మెచ్చుకున్నారు కూడా.

నాలాంటివాళ్ళం అందులో ఏషియన్. జమున కూడా ఏషియనే. ఒకే గడి.

సెప్టెంబర్ 18

ఎకో. నాది నలభై ఆరు. జమునది ఇరవై ఆరు.

నా రిపోర్ట్ బ్యాగ్‌లో పెట్టేసుకున్నాను. ఆమే అడిగి తీసుకుని చూసింది. "మస్తు పెరిగింది గదా అక్కా" అని నా వీపు తట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

అక్టోబర్ 27, ఆదివారం

చిన్నూని ఎత్తుకున్నాను. హాల్లోంచి బాల్కనీ దాకా. మళ్ళీ బాల్కనీలోంచి హాల్లోకి. అది నా చెవి పట్టుకుని గుంజింది. ఆదర్శ్ వెనకే నడిచాడు, మేమిద్దరం పడిపోతే పట్టుకోవడానికన్నట్టు. నేను పడలేదు. ఆదర్శే టీపాయ్‌కి తగులుకున్నాడు.

జమునకి ఫోన్ చేసి చెబుదామనుకుని చెయ్యలేదు.

నవంబర్ 14

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

జమునకి రామ్మోహనరావుగారి దగ్గర అపాయింట్‌మెంట్. తోడు రమ్మని అడగలేదు. నేనే వస్తానన్నాను. ఆమె ఆరు నెలలుగా ఒక్క మాత్ర మానలేదు, ఒక్క రిహాబ్ మానలేదు. కొత్త ఎకోలో ఇరవై తొమ్మిది. అంత తక్కువగా ఉండిపోతే గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే లోపలినుంచి షాక్ ఇచ్చి మళ్ళీ నడిపించే చిన్న పరికరం చర్మం కింద పెడతారు. ఐసీడీ. నా ఈఎఫ్ ఇరవై ఎనిమిది ఉన్నప్పుడే నాకు ఆ మాట చెప్పి, పెరగకపోతే పెట్టేద్దాం, భయపడకు అని బొమ్మ గీసి చూపించారు. జమునకి ఎవరూ చెప్పలేదు. ఆమెకి గవర్నమెంట్ హెల్త్ కార్డ్ ఉంది. ఖర్చు సంగతి కాదు.

ఆయన రిపోర్ట్ చూసి, అవే మందులు వాడు, ఆరు నెలల తర్వాత రా అన్నారు. జమున లేవబోయింది. నేను ఐసీడీ మాట ఎత్తాను.

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టారు. పరికరం పెట్టడం పెద్ద విషయం కాదమ్మా, పెట్టాక ఏళ్ళ తరబడి చెకప్‌లకి రావాలి అన్నారు. వీళ్ళు తండాకి వెళ్ళిపోతే మళ్ళీ కనిపించరు అన్నారు. అయినా వీళ్ళ ఒళ్ళు గట్టిది, మనలా కాదు, తట్టుకుంటారు అన్నారు. కోపంగా కాదు. చాలా మామూలుగా, పెద్దరికంగా, నాకు లోకం తెలియజెప్తున్నట్టు. అక్కడ కూర్చున్న జమున డిగ్రీ, బీపీఈడీ చేసిన మనిషి. ఒక్కొక్క మాటా అర్థమవుతోంది.

నేను అన్నాను, "లేదు డాక్టరుగారూ, జమున అలాంటి మనిషి కాదండి. టీచర్. చాలా సిన్సియర్."

ఆయన సరే చూద్దాం అన్నారు.

బయట లిఫ్ట్ దగ్గర జమున నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నేను అలాంటిదాన్ని కాదన్నవ్ అక్కా. మరి అలాంటోళ్ళెవరు? మా అమ్మనా? మా తండోళ్ళా? ఆయన అన్న మాటకు కోపం రాలే. ఎన్నిసార్లు ఇన్లేదు గా మాట. నువ్వు ఆ మాటను ఒప్పుకొని, అండ్ల నన్నొక్కదాన్ని బయటికి గుంజినవ్."

నేను ఏదో చెప్పబోయాను.

"నాకు నోరున్నది. నన్ను అడగనియ్యకపోతివి" అంది.

లిఫ్ట్ వచ్చింది. ఎక్కలేదు. మెట్లవైపు వెళ్ళింది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతుంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాను. వెనకాలే దిగొచ్చు. దిగలేదు.

నవంబర్ 20

రిహాబ్‌కి రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

డిసెంబర్ 9

రెండు వారాలుగా ఆఫీస్‌లో ఒకే పని మీద కూర్చున్నాను. కాన్పు తర్వాత మొదటిసారి ఆయాసం అని చెప్పిన రోజుకీ, మొదటి ఎకోకీ మధ్య ఎంత ఆలస్యం అయిందో లెక్క తీశాను. డేటాలో రెండు తారీఖులూ ఎప్పటినుంచో ఉన్నాయి. ఎవరూ తీసివేత చేసి చూడలేదు. నల్లజాతి ఆడవాళ్ళ ఎకో చాలా ఆలస్యంగా జరిగింది. ఆ ఆలస్యాన్ని మోడల్‌లో పెట్టగానే రేస్ కాలమ్ బరువు సగానికి పైగా పడిపోయింది. పూర్తిగా పోలేదు. కొంత మిగిలింది. ఆ మిగిలినదాంట్లో ఏముందో ఇంకా తెలియదు. కానీ వాళ్ళ గుండెల తప్పు అనుకున్నదాంట్లో సగం, వినని చెవుల తప్పు.

మేనేజర్ సురేంద్రకి చూపించాను. కడప మనిషి, నెమ్మదస్థుడు. చాలాసేపు స్క్రీన్ చూశాడు. "నువ్వు చెప్పేది నిజమే మా. అయితే క్లయింటు రేస్ కాలమ్ ఉండాలన్యాడు గదా. ఇప్పుడు మన మోడలే తప్పని మనమే చెప్పుకుంటే ఎట్ల?" అన్నాడు. తప్పయితే మనమే కదా చెప్పాలి అన్నాను. జనవరి క్లయింట్ కాల్‌లో పది నిమిషాలు ఇప్పిస్తానన్నాడు.

ఈ సంగతి చెప్పుకోవాలనిపించే మనిషి ఒక్కరే. ఆ ఒక్కరూ ఫోన్ ఎత్తరు.

డిసెంబర్ 18

ఒక్కదాన్నే కారిడార్‌లో నడిచాను. అడుగు కుదరలేదు.

2025 జనవరి 12, ఆదివారం

చిన్ను ఇవాళ సోఫా పట్టుకుని నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇంకో బిడ్డ వద్దని డాక్టర్లు మొదట్లోనే చెప్పారు, గుండె మళ్ళీ పాడయ్యే ప్రమాదం ఉందట. అంటే ఈ నిలబడటం నేను చూసే ఆఖరి మొదటిసారి. అది మళ్ళీ కింద కూర్చునేదాకా ఊపిరి బిగబట్టి చూశాను.

జమున కొడుక్కి తొమ్మిది నెలలు. నిలబడే ఉంటాడు. ఆమె చూసిందో లేదో.

జనవరి 23

క్లయింట్ కాల్ అయింది. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. అవతల ఒక నల్లజాతి కార్డియాలజిస్ట్ ఉన్నారు, నడివయసావిడ. అంతా విని, ఈ తీసివేత చేయడానికి మీకు ఇంతకాలం ఎందుకు పట్టింది అని అడిగారు. ఆ ప్రశ్నని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. క్లయింట్ వాళ్ళు ఆలస్యం కాలమ్ వచ్చే వెర్షన్‌లో చేరుస్తామన్నారు. రేస్ కాలమ్ తీసే సంగతి చర్చించాలన్నారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

మధ్యాహ్నం బెల్ మోగింది. అత్తయ్య తలుపు తీసి, ఉమా, నీకోసం ఎవరో అమ్మాయి అన్నారు.

జమున. వెనక వాళ్ళమ్మ, వాళ్ళమ్మ చంకలో బాబు.

నేను ఏడుస్తాననుకుందేమో, ముందే చెప్పేసింది. "నిన్ను మాఫ్ చేస్తా అని చెప్పనీకి రాలే అక్కా. యాదికొచ్చినవ్. వచ్చిన."

కూర్చోబెట్టాను. అత్తయ్య టీ పెట్టారు. ఎడమ భుజం కింద జాకెట్టు కొంచెం ఎత్తుగా ఉంది. పరికరం. ఆరోజు మెట్లు దిగాక నేరుగా ఇంటికి వెళ్ళలేదట. కింది మెట్టు మీదే కూర్చుని, ఏమేం అడగాలో మనసులో అనుకుందట. తర్వాత సర్కారు దవాఖానకి వెళ్ళింది. అక్కడ నాగేశ్వరి అని ఒక డాక్టరమ్మ. జమున తన ఈఎఫ్ చెప్పి, నాకు ఐసీడీ పడతదా, పడకపోతే ఎందుకు పడదో చెప్పండి అని అడిగింది. ఆవిడ జమున కళ్ళలోకే చూస్తూ మాట్లాడిందట. ఒక్క ప్రశ్న మాత్రం తిరిగి అడిగింది, ఇన్ని నెలలు నీకెవరూ చెప్పలేదా అని. జనవరి మొదటి వారంలో పెట్టేశారు.

ఎడమ చెయ్యి ఇంకా కొన్నాళ్ళు భుజం పైకి లేపకూడదు. బరువు ఎత్తకూడదు. బాబు కింద పాకుతూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చి, చీర పట్టుకుని లేచి నిలబడి, రెండు చేతులూ చాచాడు. అమ్మమ్మ వైపు కాదు. జమున వైపు. ఆమె కదల్లేదు. నా వైపు చూసింది.

నేను వాడిని ఎత్తి ఆమె ఒళ్ళో, కుడిపక్కకి, కూర్చోబెట్టాను.

వాళ్ళు బయల్దేరేదాకా వాడు దిగలేదు.

ఫిబ్రవరి 25, సాయంత్రం

జమున ఫోన్. నిన్న స్కూల్ గ్రౌండ్‌లో, ప్రేయర్ అవగానే, కళ్ళు తిరిగాయట. తర్వాత లోపలినుంచి ఎవరో తలుపు తన్నినట్టు ఒక్క దెబ్బ. కళ్ళు తెరిస్తే చుట్టూ పిల్లలు. పరికరం చెక్ చేసి నాగేశ్వరిగారు చెప్పారట, లయ తప్పింది, పరికరం సరిచేసింది అని. లేకపోతే అని ఆవిడ వాక్యం పూర్తి చేయలేదట.

"పిల్లలు మస్తు భయపడ్డరు అక్కా. వాళ్ళ ముందల పడుడే నాకు బాధ" అంది.

మార్చి 20

నా చెకప్. ఈఎఫ్ యాభై ఐదు. రామ్మోహనరావుగారు నా రిపోర్ట్ తన కొడుకు మార్కుల షీట్ చూసినట్టు చూసి మురిసిపోయారు. ఈ మనిషి నన్ను బతికించాడు. అది నిజం. ఆ నిజం పక్కనే కూర్చుని చెప్పాను.

జమునకి వేరే ఆస్పత్రిలో ఐసీడీ పెట్టారండి. పోయిన నెల అది పని చేసింది. లేకపోతే ఆమె లేదు. పెట్టాక ఒక్క చెకప్ కూడా మానలేదు. మీ దగ్గర కూడా ఎప్పుడూ మానలేదు.

ఆయన కళ్ళజోడు తీశారు. "ఎవరమ్మా జమున?" అన్నారు.

గుర్తులేదు. నిజంగానే గుర్తులేదు. నేను ఆ గదిలో ఆయన మీద కోపం తెచ్చుకుని వెళ్ళాను. కోపం పెట్టుకోవడానికి అక్కడ చోటే లేదు. ఆరోజు జరిగింది చెప్పాను, ఆయన అన్న మాటలతో సహా. వీళ్ళ ఒళ్ళు గట్టిది అన్నారు అని చెప్పినప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేదు. జమున అలాంటి మనిషి కాదని నేను అన్న మాట కూడా చెప్పాను.

ఆ అమ్మాయి నంబరు ఇవ్వమ్మా, నేను మాట్లాడతాను అన్నారు.

"ఆమెని అడిగి ఇస్తానండి" అన్నాను.

సాయంత్రం అడిగాను. జమున ఆలోచించి, వద్దక్కా అంది. నాకు చెప్పుకుంటే ఏమొస్తది, రేపు ఇంకో తండామె వస్తే కుర్చీ ఆమె దిక్కు తిప్పమను అంది.

ఆ మాట ఆయనకి మెసేజ్ పెట్టాను. చూసినట్టు వచ్చింది. జవాబు రాలేదు.

జూన్ 8, ఆదివారం

జమునకి ట్రాన్స్‌ఫర్. దేవరకొండ దగ్గరే గురుకులం. కొడుకు దగ్గర, భర్త దగ్గర. ఆమె అడిగి వేయించుకుంది. మంచిదే. వందసార్లు మంచిదే అనుకున్నాను.

గోపన్‌పల్లి గదులు ఖాళీ చేసి, సామాను వ్యాన్ ఎక్కించి, ఇటు వచ్చింది. నల్లగండ్ల చెరువు గట్టు మీద నడిచాం. చిన్ను నా చంకలో. చెరువు అవతల కొత్త టవర్ కడుతున్నారు. మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయనుకున్నాను. ఆమె మాత్రం కొత్త స్కూల్లో గ్రౌండ్ చదును చేయించాలని, రాళ్ళు ఎక్కువని చెప్తూ నడిచింది. పరుగు ఇక లేదని నాగేశ్వరిగారు చెప్పేశారు. ఆ మాట దారి పక్కన ఉన్న చెట్టు పేరు చెప్పినట్టు చెప్పింది.

నేను ఏడ్చాను. చిన్ను ఆశ్చర్యపోయి నా చెంప ముట్టుకుని చూసింది. జమున నవ్వింది.

"గింత నాజూకైతే ఎట్లక్కా" అంది. తర్వాత తనూ కళ్ళు తుడుచుకుంది.

జూన్ 30

బుధవారాలు ఖాళీగా ఉన్నాయి. రిహాబ్ ఎప్పుడో అయిపోయింది. అయినా బుధవారం రాగానే ఒళ్ళు ఎక్కడికో బయల్దేరుతుంది.

జులై 23, బుధవారం

ఆఫీస్‌లో ఉండగా జమున ఫోన్. వర్షం. మాట వినపడాలని ఫైర్ ఎగ్జిట్ మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఆమె మాట్లాడలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని గ్రౌండ్ చుట్టూ నడుస్తున్నట్టుంది. ముందు పిల్లల పాదాల చప్పుడు దగ్గరికి వచ్చింది, దాటిపోయింది. తర్వాత ఆమె ఊపిరి. ముక్కుతో లోపలికి, నోటితో బయటికి. నా ఊపిరి కూడా ఆ వరసలో పడింది, అడుగు కూడా.

కాల్ కట్ అయ్యాక తల ఎత్తి చూస్తే గోడ మీద తొమ్మిది అని ఉంది. మా ఆఫీస్ నాలుగో అంతస్తు.